నోటు, చెల్లు, ఉత్తరం

నూజివీడు పేరు చెప్పగానే మామిడికాయలు గుర్తొస్తాయి. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయ. వేసవిలో ఎటు చూసినా కాయల లారీలే.

మామిడి తోటకు ఏడాదికి ఒక్కటే కాపు. డబ్బు ఒక్కసారే వస్తుంది. ఖర్చు మాత్రం ఏడాదంతా ఉంటుంది. దున్నాలి. ఎరువు వేయాలి. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టాలి. పిల్లల ఫీజులు, పెళ్లిళ్లు, జబ్బులు కాపు వచ్చేదాకా ఆగవు. అందుకే రైతు అప్పు చేస్తాడు. చాలాసార్లు కాయలు కొనే షావుకారే అప్పు ఇస్తాడు.

అప్పు చేయడం తప్పు కాదు. అప్పు లెక్క కాగితం మీద లేకపోవడమే ముప్పు. ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

నోటీసు వచ్చింది

నూజివీడు దగ్గర ఒక పల్లె అనుకుందాం. ఆ పల్లెలో ఒక ఇల్లాలు. రెండెకరాల మామిడి తోట. భర్త కిందటి ఏడాది వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయాడు. ఇద్దరు పిల్లలు. ఆమె రాత్రి పూట చదువుల కేంద్రానికి వెళ్లి చదవడం, రాయడం నేర్చుకుంది.

2024 మే 14వ తేదీ. పోస్ట్‌మన్ గుమ్మం ముందు ఆగాడు.

"అమ్మా, రిజిస్టరు ఉత్తరం. సంతకం పెట్టాలి" అన్నాడు.

పక్కనే మరిది ఉన్నాడు. కవరు మీద లాయరు పేరు చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"వదినా, తీసుకోవద్దు. వద్దని చెప్పి వెనక్కి పంపెయ్. తీసుకుంటే ఇరుక్కుపోతాం" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత సంతకం పెట్టి కవరు తీసుకుంది.

"ఏముందో చదవకుండా ఎట్లా తెలుస్తుంది?" అంది.

ఆమె చేసిందే మంచి పని. సరైన చిరునామాకు వచ్చిన రిజిస్టరు ఉత్తరాన్ని వద్దని వెనక్కి పంపినా, అది అందినట్టే చట్టం లెక్క వేస్తుంది. ఉత్తరం తీసుకోకపోతే పోయేది అప్పు కాదు. జవాబు చెప్పుకునే అవకాశం.

ఆమె కూడబలుక్కుని చదివింది. విషయం ఇది. ఆమె భర్త 2021 జూలై 10న 50,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ప్రాంసరీ నోటు రాసి ఇచ్చాడు. 34 నెలలకు వడ్డీ 34,000. అసలు, వడ్డీ కలిపి 84,000 రూపాయలు. పదిహేను రోజుల్లో కట్టకపోతే కోర్టులో దావా వేస్తాం.

ఆమె చేతులు వణికాయి. ఎనభై నాలుగు వేలు! తోట అమ్మాలా?

పెట్టెలో చీటీ

వీధి చివర పాత పోస్టు మాస్టారు ఉంటారు. ఉద్యోగం అయిపోయి చాలా ఏళ్లయింది. ఆమె నోటీసు పట్టుకుని వెళ్లింది.

"మాస్టారూ, ఇది చూడండి. ఆయన కొంత కట్టానని నాతో చెప్పారండీ. ఇందులో ఆ మాటే లేదు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"కట్టినప్పుడు నోటు వెనక చెల్లు రాయించుకున్నాడా అమ్మా?"

"ఏమోనండీ. నోటు వాళ్ల దగ్గరే ఉంటుంది కదా."

"అయితే ఇంట్లో ఉన్న కాగితాలన్నీ వెతుకు. చిన్న ముక్కయినా పారెయ్యకు."

ఆమె ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచింది. పాస్ పుస్తకం, రేషను కార్డు, మందుల షాపు బిల్లులు. అడుగున సంచిలో కాయల చీటీలు. ఒక్కొక్కటీ చదివింది. ఒకప్పుడు అవి ఆమెకు ఉత్త కాగితాలు. ఇప్పుడు అవి మాట్లాడాయి.

ఒక చీటీ 10-5-2022 నాటిది. షావుకారి కొట్టు చీటీ. కాయల తూకం, ధర, కమీషను, తరుగు, కూలి అన్నీ ఉన్నాయి. చివర ఇలా రాసి ఉంది: "బాకీ కింద పట్టుకున్నది 20,000". కింద షావుకారి సంతకం.

ఇంకో సంగతి భర్త సొంత పుస్తకంలో ఉంది. 10-5-2023న షావుకారికి 8,000 నగదు ఇచ్చినట్టు రాసుకున్నాడు. దానికి చీటీ లేదు. షావుకారి సంతకం లేదు.

లెక్క చూద్దాం

నూటికి రెండు రూపాయలంటే 50,000కి నెలకు 1,000 వడ్డీ. 2021 జూలై నుంచి 2022 మే వరకు పది నెలలు. వడ్డీ 10,000.

ఆ రోజు కట్టింది 20,000. కట్టిన డబ్బు ముందు వడ్డీకి పోతుంది. మిగిలినది అసలుకు పోతుంది. అంటే వడ్డీకి 10,000. అసలుకు 10,000. మిగిలిన అసలు 40,000.

అప్పటి నుంచి వడ్డీ నెలకు 800. 2024 మే వరకు 24 నెలలు. వడ్డీ 19,200.

మొత్తం బాకీ 59,200.

నోటీసులో అడిగింది 84,000. తేడా 24,800 రూపాయలు. కట్టింది 20,000 అయినా తేడా అంతకన్నా ఎక్కువ. ఎందుకని? తీరిపోయిన 10,000 అసలు మీద కూడా రెండేళ్లు వడ్డీ వేశారు. ఒక్క చిన్న చీటీ విలువ 24,800 రూపాయలు!

2023లో ఇచ్చిన 8,000 కూడా కలిపితే బాకీ 51,200 అవుతుంది. కానీ దానికి షావుకారి చేతి కాగితం లేదు.

మూడేళ్ల గడువు

"ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు నోటీసు ఇచ్చాడండీ?" అని ఆమె అడిగింది.

"నోటుకు కాలదోషం పట్టబోతోంది కనుక" అన్నారు మాస్టారు.

1963 కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రాంసరీ నోటు మీద మూడేళ్ల లోపు దావా వేయాలి. నోటు రాసిన తేదీ నుంచి లెక్క. ఈ నోటుకు 2024 జూలైతో మూడేళ్లు నిండుతాయి.

అయితే ఒక మెలిక ఉంది. మూడేళ్ల లోపు బాకీ ఉన్నానని ఉత్తరం రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. కొంత డబ్బు కట్టి, ఆ సంగతి స్వయంగా రాసినా, దాని కింద సంతకం పెట్టినా అంతే. కాబట్టి ఉత్తరం రెండు వైపులా పదునున్న కత్తి. అది మనల్ని కాపాడుతుంది. చూసుకోకుండా రాస్తే మనల్నే కట్టేస్తుంది. అప్పు గురించి ఉత్తరం పంపే ముందు తెలిసినవారికి చూపించాలి.

లాయరు ఫీజు లేకుండా

"లాయరుకు ఇవ్వడానికి నా దగ్గర డబ్బు ఎక్కడిదండీ?" అంది ఆమె.

1987లో పార్లమెంటు న్యాయ సేవల చట్టం చేసింది. అది 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఆడవారికి ఉచితంగా లాయరు సాయం అందుతుంది. ఆదాయం ఎంత అని అడగరు. పిల్లలకు, షెడ్యూల్డు కులాల వారికి, తెగల వారికి, వికలాంగులకు కూడా ఈ హక్కు ఉంది. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఆమె నూజివీడు కోర్టుకు వెళ్లింది. దరఖాస్తు తానే రాసింది. కమిటీ ఒక లాయరమ్మను ఇచ్చింది. ఆమె చీటీ చూసి, "ఇది బంగారం. అసలు ఎవరికీ ఇవ్వకండి. జిరాక్సు మాత్రమే ఇవ్వండి" అంది.

ఇంకో సందేహం వచ్చింది. 2021 నాటి నోటులో కృష్ణా జిల్లా అని ఉంది. నోటీసులో ఏలూరు జిల్లా అని ఉంది. నోటు చెల్లదా? అదేం లేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. నూజివీడు అప్పుడు ఏలూరు జిల్లాలో చేరింది. ఊరు అదే. కాగితమూ చెల్లుతుంది.

జవాబు ఉత్తరం

లాయరమ్మ చెప్పగా ఆమె ఇలా రాసింది.

తేది: 20-5-2024

లాయరు గారికి,

నమస్కారం. మీరు 10-5-2024న రాసిన నోటీసు నాకు 14-5-2024న అందింది.

1. నోటీసులో చూపిన లెక్కను నేను ఒప్పుకోవడం లేదు.

2. మీ కక్షిదారు 10-5-2022న కాయల చీటీలో బాకీ కింద 20,000 రూపాయలు పట్టుకున్నారు. చీటీ నకలు జత చేశాను. అసలు నా దగ్గర ఉంది.

3. నా భర్త 10-5-2023న 8,000 రూపాయలు నగదుగా ఇచ్చారు. అది కూడా మీ లెక్కలో లేదు.

4. నోటు రెండు వైపులా నకలు తీసి పంపగలరు. మీ కక్షిదారు ఖాతా పుస్తకంలో మా లెక్క ఉన్న పేజీ నకలు కూడా పంపగలరు.

5. లెక్క సరిచూసి లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవడానికి నేను సిద్ధం.

ఇట్లు,
(సంతకం)

ఈ ఉత్తరంలో తిట్టు లేదు. ఏడుపు లేదు. తేదీలు, అంకెలు, జత చేసిన కాగితం, అడిగిన సంగతి ఉన్నాయి. అంతే చాలు.

ఆమె ఉత్తరానికి ఇంకో ప్రతి రాసి దాచుకుంది. రిజిస్టరు పోస్టులో పంపింది. పోస్టాఫీసు రసీదును ఆ ప్రతికి కుట్టింది. అందినట్టు సంతకంతో తిరిగి వచ్చిన కార్డును కూడా దానికే కుట్టింది.

2025లో తపాలా శాఖ రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపింది. కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టులో పంపాలి. "ఉత్తరం అందినట్టు రుజువు కావాలి" అని కౌంటరులో అడగాలి.

సముద్రం దాటిన ఉత్తరాలు

అప్పు తగాదాను ఉత్తరాలతో నడపడం కొత్త సంగతి కాదు. ఒక పాత కథ విందాం.

అది 1760 తర్వాతి కాలం. అమెరికా అప్పటికి ఇంగ్లండు పాలనలో ఉంది. అక్కడ వర్జీనియా అనే చోట జార్జి వాషింగ్టన్ అనే పెద్ద రైతు ఉండేవాడు. పొగాకు పండించేవాడు. పొగాకు ఓడలో లండన్ వెళ్లేది. అక్కడ రాబర్ట్ కేరీ కంపెనీ అనే కమీషను వ్యాపారులు దాన్ని అమ్మేవారు. ధర వాళ్లు చెప్పిందే. ఓడ బాడుగ, కమీషను పట్టుకునేవారు. వాషింగ్టన్ తనకు కావలసిన బట్టలు, సామాన్లు వాళ్ల దగ్గరే అరువు తెప్పించుకునేవాడు.

మన మామిడి రైతు సంగతి లాగే ఉంది కదా! సరుకు కొట్టుకు చేరాక ధర తెలుస్తుంది. అప్పు ఇచ్చినవాడే సరుకు అమ్ముతాడు. తేడా ఏమిటంటే, మన షావుకారు ఊరి దగ్గరే ఉంటాడు. వాషింగ్టన్ షావుకారు సముద్రం అవతల ఉన్నాడు. ఒక ఉత్తరం చేరడానికి నెల, రెండు నెలలు పట్టేది. జవాబుకు మళ్లీ అంత.

1764 నాటికి అతని బాకీ సుమారు 1,800 పౌన్లకు చేరింది. అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. షావుకారు డబ్బు అడిగాడు. ఆ ఆగస్టులో వాషింగ్టన్ జవాబు రాశాడు. పంటలు సరిగా రాలేదని, తనకు రావలసిన డబ్బు కూడా రాలేదని వివరంగా చెప్పాడు. ధర తక్కువ వచ్చిందని అంతకుముందు కూడా రాసేవాడు. రాసిన ఉత్తరాల నకళ్లు పుస్తకంలో ఉంచుకునేవాడు. కొన్నేళ్లకు తన సొంత పొలంలో పొగాకు మానేసి గోధుమ వేశాడు. తర్వాత ఆయనే అమెరికాకు మొదటి అధ్యక్షుడయ్యాడు. అది 1789.

ఆ నకళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే ఆయన వైపు మాట మనకు తెలుస్తోంది. కానీ ఆ పొలంలో చెమటోడ్చినవారు బానిసలు. వాళ్లలో చాలామందికి చదువు అందలేదు. వాళ్ల కష్టం యజమాని పుస్తకంలో అంకెలుగానే మిగిలింది. రాయగలిగినవాడి మాట నిలిచింది. రాయలేనివాడి మాట గాలిలో కలిసింది.

రాజీ కుదిరింది

ఆమె ఉత్తరం చేరాక షావుకారు కబురు పంపాడు. "కాగితాలెందుకమ్మా, కొట్టుకు రా, మాట్లాడుకుందాం" అన్నాడు. ఆమె ఒక్కతే వెళ్లలేదు. "లోక్ అదాలత్‌లోనే మాట్లాడుకుందామండీ" అని చెప్పి పంపింది.

లోక్ అదాలత్ అంటే రాజీ కుదిర్చే కోర్టు. కోర్టులో దావా వేయకముందు కూడా అక్కడికి వెళ్లవచ్చు. ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. ఒప్పుకుని సంతకం పెట్టాక అది కోర్టు తీర్పుతో సమానం. దాని మీద అప్పీలు లేదు. అందుకే ప్రతి మాట చదివి, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి.

షావుకారు తన చీటీని కాదనలేకపోయాడు. 20,000 ఒప్పుకున్నాడు. 8,000 మాత్రం తీసుకోలేదన్నాడు. చాలాసేపు మాటలు నడిచాయి. చివరికి 54,000 దగ్గర రాజీ కుదిరింది. ఇక వడ్డీ లేదు. మూడు వాయిదాలు. ఒక్కొక్కటి 18,000. ఆఖరి వాయిదా కట్టిన రోజు నోటు తిరిగి ఇవ్వాలి.

చీటీ ఉన్న డబ్బుకు పూర్తి లెక్క వచ్చింది. చీటీ లేని 8,000కి పూర్తి లెక్క రాలేదు. అందులో 2,800 పోయినట్టే. అది ఆమెకు బాధగానే ఉంది. కానీ తోట నిలిచింది.

ఆఖరి వాయిదా కట్టి నోటు ఇంటికి తెచ్చుకున్న రోజు మరిది వచ్చాడు. చేతిలో చిన్న సంచి.

"వదినా, ఇందులో నా చీటీలున్నాయి. ఒకసారి చూసిపెట్టవా?" అన్నాడు.

"చూస్తాను. నువ్వూ పక్కన కూర్చుని చదువు" అంది ఆమె.

భయపెట్టే మాటలు, చట్టం చెప్పే మాట

"అప్పు కట్టకపోతే జైలు." నిజంగా డబ్బు లేనివారిని అప్పు తీర్చలేదని జైలులో పెట్టడం న్యాయం కాదని సుప్రీంకోర్టు 1980లో చెప్పింది. కానీ డబ్బు ఉండి మోసంతో ఎగ్గొడితే వేరు. ఇచ్చిన చెక్కు బ్యాంకులో డబ్బు లేక తిరిగి వస్తే అది కూడా వేరు. దానికి క్రిమినల్ కేసు ఉంది.

"మగడి అప్పుకు నీ నగలు, నీ కూలి డబ్బు అన్నీ పోతాయి." చనిపోయినవారి అప్పుకు, వారు వదిలిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు.

"లాయరు నోటీసు వచ్చింది, ఇంక అయిపోయింది." లాయరు నోటీసు కోర్టు తీర్పు కాదు. అది అడగడమే. కోర్టు నుంచి వచ్చేది సమన్లు. సమన్లు వస్తే తప్పక వెళ్లాలి. సాధారణంగా 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. వెళ్లకపోతే ఎదుటివారి మాట మాత్రమే విని తీర్పు చెప్పవచ్చు.

గుర్తుంచుకోండి

• ఖాళీ నోటు మీద సంతకం, వేలిముద్ర వేయకూడదు. వేస్తే దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టే.

• అప్పు ఎంత, వడ్డీ ఎంత, తేదీ ఎంత అని చదివి సంతకం పెట్టాలి. నోటుకు జిరాక్సు తీసుకోవాలి.

• డబ్బు కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించాలి. విడిగా రసీదు కూడా తీసుకోవాలి.

• వీలైతే బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా కట్టాలి. తేదీతో సహా ఖాతాలో పడుతుంది.

• బాకీ మొత్తం తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోవాలి.

• వచ్చిన ఉత్తరం కవరుతో సహా దాచాలి. పంపిన ఉత్తరానికి నకలు ఉంచాలి.

కొత్త మాటలు

ప్రాంసరీ నోటు: అప్పు తీరుస్తానని రాసి ఇచ్చే కాగితం
చెల్లు: కట్టిన డబ్బును నోటు వెనక రాయడం
కాలదోషం: దావా వేసే గడువు దాటిపోవడం
కక్షిదారు: లాయరు ఎవరి తరపున పని చేస్తాడో ఆ మనిషి
నకలు: అసలు కాగితానికి ఇంకో ప్రతి

చర్చించండి

1. మరిది చెప్పినట్టు ఉత్తరం వెనక్కి పంపి ఉంటే ఏమయ్యేది?
2. 20,000కి దొరికిన న్యాయం 8,000కి ఎందుకు పూర్తిగా దొరకలేదు?
3. మీ ఊళ్లో కాయల చీటీలు ఎవరు దాస్తారు? ఆడవారు ఆ చీటీలు చూస్తారా?

చేయండి

1. 30,000 అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఎనిమిది నెలలకు వడ్డీ ఎంత?
2. మీరు 5,000 బాకీ కట్టారు. రసీదు పంపమని షావుకారికి ఉత్తరం రాయండి. తేదీ, అంకె, సంతకం మరవకండి.
3. ఇంటికి వెళ్లి మీ పెట్టెలోని కాగితాలన్నీ తీయండి. ఏది ఏమిటో చదవండి. తేదీల వారీగా దారంతో కట్టండి.